పదిహేడో జన్యువూ, బూజక్క మాటా

మొక్కల తెగుళ్ళ పరిశోధనశాలలో బూజక్క చేరి ఇరవై రెండేళ్ళయింది. చేరిన కొత్తలో సీసాలు కడిగేది. తర్వాత బూజులకి తిండి వండటం నేర్చుకుంది, ఆ తర్వాత వాటిని పెంచటం నేర్చుకుంది. పదేళ్ళు తిరిగేసరికి గాజు పళ్ళేన్ని కిటికీ వెలుతురుకి ఎత్తిపట్టి, లోపల పెరుగుతున్నది ఏ జాతో, దానికి ఒంట్లో ఎలా ఉందో చెప్పేసేది. చదువు మాత్రం పన్నెండో తరగతి దగ్గరే ఆగిపోయింది. బూజక్క అన్న పేరు ముందు ఎవరి నోట వచ్చిందో ఎవరికీ గుర్తులేదు. అది ఇంటి దాకా పాకాక అత్తగారు ఒక మాట అల్లి పెట్టుకుంది. వచ్చినవాళ్ళందరికీ చెప్పేది: "లోకంలో ఆడవాళ్ళంతా బూజు దులుపుతారు. మా కోడలు బూజుని సాకి పెద్దదాన్ని చేస్తుంది."

పొద్దున్నే ఎనిమిదింటికి బూజక్క పని మొదలయ్యేది. బంగాళాదుంపలు చెక్కు తీసి, ముక్కలు కోసి, ఉడకబెట్టి, గుడ్డలో వడకట్టేది. ఆ నీళ్ళలో చక్కెరా, అగర్ పొడీ కలిపి సీసాల్లో పోసి, పెద్ద ప్రెషర్ కుక్కర్ లాంటి ఆటోక్లేవ్‌లో పెట్టి మూత బిగించేది. గదంతా ఆవిరి, ఉడికిన దుంపల వాసన. శాలలో అందరూ మీడియా అనే ఆ ద్రవం కొంచెం చల్లారాక, స్పిరిట్ దీపం పక్కన కూర్చుని ఒక్కో పళ్ళెంలో సన్నగా పోసేది. గడ్డకట్టిన ఆ పొర మీద సూదితో చిటికెడు బూజు పెడితే, వారం తిరిగేసరికి పళ్ళెం నిండా దూదిలా పరుచుకునేది.

ఆ శాలకి అన్నం పెట్టే బూజు ఒకటే. టమాటా మొక్కల్ని వడలగొట్టేది. మట్టిలో కాచుకుని కూర్చుంటుంది, వేరులోంచి దూరుతుంది, నీళ్ళు పైకి పాకే గొట్టాల్లో కాపురం పెట్టేస్తుంది. మొక్క మొదలు దగ్గర నీళ్ళు నిలిచి ఉన్నా పైన ఆకులు దాహంతో వాలిపోతాయి. కాండం కోసి చూస్తే లోపల గోధుమరంగు చార కనిపిస్తుంది. ఈ బూజు తనలోని ఏ జన్యువుల్ని నిద్రలేపి ఈ పని చేస్తుందో కనిపెట్టడమే ప్రొఫెసరు గారి ముప్పై ఏళ్ళ తపస్సు.

గొడవకి విత్తనం పడింది ఫ్రీజర్ దగ్గర. బూజుల అసలు నమూనాలు గడ్డకట్టించి దాచే పెద్ద ఫ్రీజర్ ఒకసారి వరసగా సెలవులొచ్చినప్పుడు ఆగిపోయింది. నాలుగో రోజు పొద్దున బూజక్క తలుపు తీస్తే లోపలంతా చెమ్మ వాసన. గొట్టాలన్నీ కరిగి నీళ్ళయ్యాయి. ఒక్కొక్కటీ తీసి పళ్ళేల్లో వేసి చూసింది. ముఖ్యమైన టమాటా బూజు ఏ గొట్టంలోనూ బతికి లేదు. మిగిలింది మామూలు ఫ్రిజ్‌లో, తిండిని ఏటవాలుగా గడ్డకట్టించిన గొట్టాల్లో రోజువారీ పనికి ఉంచుకున్న బూజు. దాన్ని రెండు నెలలకోసారి కొత్త తిండి మీదకి మారుస్తూ ఏళ్ళ తరబడి నెట్టుకొస్తున్నారు. అదే అసలుదిగా లెక్కేసి మళ్ళీ గడ్డకట్టించమన్నారు ప్రొఫెసరు గారు.

బూజక్క ఆ పని చేసింది గానీ మనసు ఒప్పుకోలేదు. పాత బూజు నెమ్మదిగా పెరిగేది, పళ్ళెం అడుగున ఊదారంగు దిగేది. ఇది గబగబా తెల్లగా పొంగుతోంది, అడుగున రంగే లేదు. పళ్ళెం పట్టుకెళ్ళి చూపించింది.

"సార్, ఇది మన పాతది కాదు. ఏదో తేడా కొట్టింది."

ఆయన కళ్ళజోడు పైకి తోసి చూశారు. బాగానే పెరుగుతోంది కదమ్మా అన్నారు. పెరగటం బాగానే పెరుగుతోంది సార్ అంది. మరింకేం అన్నారు. ఆవిడ వెనక్కి వచ్చి నమూనాల రిజిస్టరులో తారీఖు వేసి రాసింది: "ఫ్రిజ్ గొట్టం నుంచి తీసినది. రంగు లేదు. పెరుగుదల ఎక్కువ. మొక్క మీద పరీక్షించాలి." పరీక్షించమని చెప్పే అధికారం తనకి లేదు కాబట్టి అక్కడితో ఆగింది.

ఆ తర్వాత ఏడాదికి పరిశోధనకి వచ్చింది పొడుగమ్మాయి. నిజంగానే చాలా పొడుగు. సూక్ష్మజీవుల గదిలో వడకట్టిన గాలి వీచే పెట్టె ముందు కూర్చుంటే మోకాళ్ళు బల్లకి తగిలేవి. తెలివైన పిల్ల, కష్టపడుతుంది, బూజక్కతో కలిసే భోజనం చేసేది. తన పని ఏమిటో ఆ భోజనాల దగ్గరే విడమరచి చెప్పింది. జన్యువు ఒంట్లో ఉన్నంత మాత్రాన పనిచేస్తున్నట్టు కాదట. కొన్ని ఎప్పుడూ మేలుకునే ఉంటాయి, కొన్ని అవసరం పడితేనే లేస్తాయి. ఈ బూజు టమాటా వేరుని తాకగానే కొన్ని జన్యువులు ఉలిక్కిపడి లేస్తున్నాయి. అలా లేచినవాటిలో పదిహేడో నంబరుది అన్నిటికంటే హుషారైనది, మామూలుకంటే ఇరవై రెట్లు ఎక్కువ పనిచేస్తోంది. దాన్ని బూజులోంచి తీసేస్తే ఏమవుతుందో చూడాలి.

తీసేసింది. అందుకు పద్నాలుగు నెలలు పట్టింది. జన్యువు తీసేసిన బూజు పళ్ళెంలో గిడసబారి పెరిగింది, మామూలుది అరచేయంత పరుచుకునే వారంలో ఇది రూపాయి బిళ్ళ దాటలేదు. గ్లాస్‌హౌస్‌లో మొక్కల వేర్లకి పట్టిస్తే మొక్కలకి ఏమీ కాలేదు. పక్క ట్రేలో మామూలు బూజు పట్టించిన మొక్కలు మూడు వారాల్లో తలలు వేలాడేశాయి. పెరుగుదలనీ, తెగులు పుట్టించే శక్తినీ రెండిటినీ నడిపించే జన్యువు దొరికిందని ప్రొఫెసరు గారి ఆనందానికి పట్టపగ్గాల్లేవు. రెండు సభల్లో ప్రసంగించి వచ్చారు. ఆ వారం బూజక్క కూడా మనస్ఫూర్తిగా సంతోషించింది, అత్తగారికి చెప్పింది. "అంటే ఇక టమాటాలు చౌకవుతాయా?" అంది ఆవిడ.

చివర్లో ఒక్క పరీక్ష మిగిలింది. తీసేసిన జన్యువుని తిరిగి పెట్టాలి. పెడితే బూజుకి పోయిన శక్తులు రెండూ రావాలి. అప్పుడే ఆ జన్యువుదే ఆ పని అని లోకం నమ్ముతుంది.

పొడుగమ్మాయి పెట్టింది. బూజు పళ్ళెం నిండా పెరిగింది. మొక్కలకి మాత్రం ఏమీ కాలేదు.

జన్యువు పెట్టిన చోటు మంచిది కాదేమో అన్నారు ప్రొఫెసరు గారు. చోటు మార్చి పెట్టింది. పెరిగింది, మొక్కల్ని చంపలేదు. జన్యువు సరిగ్గా మేలుకోవటం లేదేమో, దాన్ని గట్టిగా తట్టిలేపే మీట పెట్టమన్నారు. పెట్టింది. కొలిచి చూస్తే జన్యువు మునుపటికంటే రెండింతలు పనిచేస్తోంది. బూజు పళ్ళెం మూతకి తగిలేంతగా పొంగింది. గ్లాస్‌హౌస్‌లో మొక్కలు పచ్చగా, నిండుగా, పూత కూడా వేసుకుని నిలబడ్డాయి. ఒక్కో ప్రయత్నానికి మూడు నెలలు. పొడుగమ్మాయికి అప్పటికి ఐదో ఏడు నడుస్తోంది. భోజనం డబ్బా తెరిచి మూత పెట్టేసేది. ఎవరైనా పలకరిస్తే బాగున్నాననేది, ఆ బాగున్నాను వినలేకపోయేది బూజక్క.

ఆ రోజుల్లోనే రెండోసారి ప్రొఫెసరు గారి గదికి వెళ్ళింది. గుమ్మంలో నిలబడే చెప్పింది. జన్యువు సంగతి తనకి తెలీదనీ, అసలు జన్యువు తీయకముందు ఆ బూజుకి మొక్కని చంపే సత్తా ఉందో లేదో ఒకసారి చూస్తే బాగుంటుందనీ, ఫ్రీజర్ పోయినప్పటినించీ తనకి అనుమానంగానే ఉందనీ. ఆయన విసుక్కోలేదు. విసుక్కున్నా బాగుండేదేమో.

"ప్రతిసారీ మామూలు బూజు పెట్టిన ట్రే చచ్చిందిగా అమ్మా. అంటే మన బూజు బాగానే ఉన్నట్టేగా." నవ్వుతూ అన్నారు. "మీరు మీడియా బ్రహ్మాండంగా చేస్తారు. మిగతా బుర్రబద్దలు మాకు వదిలేయండి."

బూజక్క ఆవిరి గదికి తిరిగొచ్చి దుంపలు చెక్కు తీసింది. ఆ రోజు చెక్కుతో పాటు సగం దుంప కూడా పోయింది. శంఖంలో పోస్తేగానీ తీర్థం కాదంటారు, తన మాట గిన్నెలోని నీళ్ళు. చిత్రం ఏమిటంటే ఆయన అడిగిన ప్రశ్నకి తన దగ్గర సమాధానం లేదు. మామూలు బూజు పెట్టిన ట్రే చచ్చిన మాట నిజమే. ప్రతిసారీ చచ్చింది. అయితే తన కళ్ళే తనని మోసం చేశాయా? నాలుగు రోజులు అదే ఆలోచన. ఇంట్లో మొగుడు లిఫ్టులు బాగుచేసే మెకానిక్, చల్లటి మనిషి. ఆయనకి చెప్పుకుంటే, "పెద్దవాళ్ళు చూసుకుంటారులే. నీ పని నువ్వు చేసి వచ్చెయ్, తలనొప్పి ఎందుకు?" అన్నాడు. ఆయన మీద కూడా ఒళ్ళు మండింది.

ఐదో రోజు గ్లాస్‌హౌస్‌కి వెళ్ళింది. గ్లాస్‌హౌస్ అంతా బాబాయిది. వరసకి ఎవరికీ బాబాయి కాదు, శాలలో అందరికంటే పాత మనిషి. మొక్కలు నాటటం, బూజు పట్టించటం, రోజూ చూసి తెగులుకి మార్కులు వేయటం ఆయన పని. బూజక్క ఒక బక్కెట్టు తిరగేసి దానిమీద కూర్చుంది.

"బాబాయ్, మామూలు బూజు ట్రేకి వాడే బూజు ఎక్కణ్ణించి తెస్తావు?"

"ఎక్కణ్ణించి ఏమిటే, నా దగ్గర ఉంది కదా" అన్నాడాయన.

బీరువా పై అరలోంచి ఒక గాజు గొట్టం దించాడు. లోపల పొడి ఇసుక. ఇసుకలో బూజు ఎండి నిద్రపోతూ ఏళ్ళకేళ్ళు ఉంటుంది, నలుసంత తీసి పళ్ళెంలో వేస్తే లేస్తుంది. గొట్టం మీద పదకొండేళ్ళ కిందటి తారీఖు. ఇప్పటి ప్రొఫెసరు గారికి ముందున్నాయన నేర్పిన పద్ధతి అది. మామూలు బూజు కావాలని చీటీ వస్తే బాబాయి ఇందులోంచే తీసి పెంచి పట్టించేవాడు. అది ఎక్కణ్ణించి వస్తోందని ఆయన్ని ఎవరూ అడగలేదు, ఆయనా చెప్పలేదు. జన్యువు తీసేసిన బూజు మాత్రం పొడుగమ్మాయి తన ఫ్రీజర్ నించి తెచ్చి ఇచ్చేది.

బూజక్క గొట్టం మీది తారీఖు మళ్ళీ చదివింది. రెండు ట్రేల్లో పెట్టినవి తల్లీ బిడ్డా కావు. ఏ బూజులోంచి జన్యువు తీశారో ఆ బూజుని ఇంతవరకూ ఎవరూ మొక్క మీద పెట్టనే లేదు. చంపుతున్నది బాబాయి బూజు. చంపనిది ఫ్రిజ్ గొట్టం తాలూకు బూజు. పదిహేడో జన్యువు ఉన్నా చంపదు, లేకపోయినా చంపదు.

ఆ మధ్యాహ్నమే పొడుగమ్మాయికి చెప్పింది. మంచి కబురు చెబుతున్నానే అనుకుంది, కారణం దొరికింది కదా అని. పొడుగమ్మాయి ముఖం పాలిపోయింది.

"నాలుగేళ్ళు అక్కా" అంది. "నాలుగేళ్ళ పని మీకు ఒక ఇసుక గొట్టం చూడగానే తప్పయిపోయిందా?"

తప్పని అనటం లేదు, ఒకసారి చూడమంటున్నానంతే అంది బూజక్క. ప్రొఫెసరు గారికి చెప్పకుండా ట్రేలు వాడలేననీ, చెబితే ఆయన తన ముఖం మీదే నవ్వుతారనీ, ఇంకో ఏడాది ఉండే ఓపిక తనకి లేదనీ అంది ఆ పిల్ల. డబ్బా తీసుకుని లేచి వెళ్ళిపోయింది. తర్వాత పదిహేను రోజులు వేరే గదిలో తింది.

ఇటు చూస్తే పెద్దాయన నవ్వుతాడు, అటు చూస్తే పిల్ల ఏడుస్తుంది, ఇంటికెళితే మొగుడు తలనొప్పి ఎందుకంటాడు. గోడకి చెప్పుకున్నా కనీసం తిరిగి సలహా ఇవ్వదు కదా అనుకుంది. చివరికి అర్థం చేసుకున్నది అత్తగారే. అర్థం చేసుకున్నది బూజు గురించి కాదు, కోడలి గురించి. బియ్యం ఏరుతూ, తలెత్తకుండా, "నువ్వు చేయగలిగిన పనేనా అది?" అని అడిగింది. చేయగలనంది. "మరి ఇంట్లో అంట్లు ఎత్తిపడేస్తావేంటి? వెళ్ళి చెయ్" అంది.

బాబాయి దగ్గర వేరే పనికి పెంచగా మిగిలిన నారు ఉంది. ఎలాగూ పారేసేదే. ముప్పై ఆరు మొక్కలు. పన్నెండింటికి బాబాయి ఇసుక బూజు, పన్నెండింటికి ఫ్రిజ్ బూజు, పన్నెండింటికి ఉత్త నీళ్ళు. బూజక్క రెండు బూజులనీ ఒకే రోజు పెంచింది, బీజాలని మైక్రోస్కోపు కింద లెక్కపెట్టి రెండిట్లోనూ ఒకే చిక్కదనం వచ్చేలా కలిపింది. వేర్లు కడిగి, అరగంట నానబెట్టి, తనే తిరిగి కుండీల్లో నాటింది. కుండీల మీద పేర్లు రాయలేదు, ఉత్త అంకెలు వేసింది. ఏ అంకె ఏదో కాగితం మీద రాసి బాబాయికి కూడా చూపించకుండా దాచింది. మార్కులు వేసేది ఆయనే కాబట్టి.

తొమ్మిదో రోజున ప్రొఫెసరు గారు ఏదో తనిఖీ బృందానికి చూపించాల్సి వచ్చి గ్లాస్‌హౌస్‌కి వచ్చారు. ఈ ట్రేలు ఎవరివన్నారు. బాబాయి నీళ్ళు నమిలాడు. బూజక్క తనవని ఒప్పుకుంది. ఆయన గొంతు పెంచలేదు, ఎప్పుడూ పెంచరు. ఎవరికి తోచింది వాళ్ళు చేస్తూ పోతే దీన్ని పరిశోధనశాల అనరనీ, బల్లలు సాయంత్రానికి ఖాళీ కావాలనీ అన్నారు. పక్కనే నిలబడ్డ పొడుగమ్మాయి నేల చూపులు చూసింది.

ఖాళీ చేయమన్నారు, పారేయమనలేదు. బాబాయి ముప్పై ఆరు కుండీలనీ వెనక కుళాయి పక్కనున్న రేకుల షెడ్డులోకి మార్చాడు. అక్కడ ఎండ ఒక పక్కే పడుతుంది. బూజక్క రోజూ టీ వేళకి వెళ్ళి కుండీలు తిప్పిపెట్టేది, అన్నిటికీ సమానంగా వెలుతురు తగలాలి. చేస్తున్నంతసేపూ లోపల కుతకుత. ఇరవై ఏళ్ళు చేసి, పారేసే నారు మీద, రేకుల షెడ్డులో, దొంగలా. ఈ బూజు చంపినా చంపకపోయినా తనకి ఒరిగేదేముంది? మానేద్దామని రెండుసార్లు అనుకుంది. రెండుసార్లూ వెళ్ళి కుండీలు తిప్పింది.

పద్నాలుగో రోజుకి కొన్ని కుండీల్లో కింది ఆకులు ఒక పక్కే పసుపెక్కాయి. పద్దెనిమిదికి వాలాయి. ఇరవై ఒకటో రోజు బాబాయి ఒక్కో కాండాన్నీ బ్లేడుతో కోసి, చార ఉందో లేదో చూసి అంకె పక్కన రాశాడు. బూజక్క కాగితం తీసి పక్కన పెట్టుకుంది. ఇసుక బూజు పన్నెండింటిలో పదకొండు చచ్చాయి. ఫ్రిజ్ బూజు పెట్టినవి పన్నెండుకి పన్నెండూ నీళ్ళు పెట్టినవాటిలాగే ఉన్నాయి. కాండాల్లో చారన్నది లేదు.

ఆవిడకి సంతోషం కలగలేదు. నాలుగేళ్ళ కిందట ఇదే ముప్పై ఆరు మొక్కలతో, ఇదే మూడు వారాల్లో తేలిపోయేది కదా అని ఒకటే బాధ.

పొడుగమ్మాయిని చెయ్యి పట్టుకుని షెడ్డుకి తీసుకొచ్చింది. ఆ పిల్ల ఒక్కో కోసిన కాండాన్నీ ఎత్తి చూసింది, అంకెల కాగితం రెండుసార్లు సరిచూసింది. ఏడవలేదు. ఆ సాయంత్రమే రెండు బూజుల్లోంచీ జన్యుపదార్థం తీసి పరీక్ష పెట్టింది. మర్నాడు ఫలితం పట్టుకుని తనే బూజక్క దగ్గరికి వచ్చింది. ఈ జాతి బూజుకి బతకటానికి కావాల్సిన జన్యువులు ఒక చోటా, మొక్క మీద దాడి చేయటానికి కావాల్సినవి విడిగా ఒక చిన్న క్రోమోజోములోనూ ఉంటాయట. ఫ్రిజ్ బూజులో ఆ చిన్న క్రోమోజోమే లేదు. ఏళ్ళ తరబడి పళ్ళెంలో దుంపల నీళ్ళూ చక్కెరా కూర్చున్న చోటికే అందుతుంటే దాడితో దానికేం పని? ఆ బరువు దించేసుకున్న బూజే మిగతావాటికంటే త్వరగా పెరిగి పళ్ళేన్ని ఆక్రమించుకుంది. అలా మొదలంటా పోయిన చోట పదిహేడో జన్యువుని ఎంత తట్టిలేపితే మాత్రం ఏం లాభం?

"దాన్ని మేపింది నేనే కదా" అంది బూజక్క.

"మీరొక్కరే అనుమానించారు కూడా" అంది పొడుగమ్మాయి. "ఆ రోజు నేను అలా అనకుండా ఉండాల్సింది" అంది. ఆ రోజు నించీ మళ్ళీ భోజనం కలిసే.

ఇద్దరూ కలిసి ప్రొఫెసరు గారి గదికి వెళ్ళారు. ఆయన కాగితాలు చూశారు. మళ్ళీ చూశారు. కుర్చీ కిటికీ వైపు తిప్పుకుని కూర్చున్నారు. రెండు సభల్లో చెప్పిన మాట వెనక్కి తీసుకోవాలంటే ఎవరికైనా కష్టమే, ఆ సంగతి బూజక్కకి తెలుసు. ఆ క్షణంలో కొంచెం జాలి కూడా పడింది. అప్పుడు ఆయన ఇటు తిరిగి అన్నారు:

"ఇంత అనుమానం ఉంటే ముందే చెప్పొచ్చు కదమ్మా?"

బూజక్క జాలంతా ఆవిరైపోయింది. బయటికి నడిచి, నమూనాల రిజిస్టరు తెచ్చి, ఆ పేజీ తీసి ఆయన బల్ల మీద పెట్టింది. ఆయన చదివారు. కింద తారీఖు చూశారు.

"రాస్తే సరిపోతుందా అమ్మా, గట్టిగా చెప్పాలి" అన్నారు.

"రెండుసార్లు చెప్పాను సార్. రెండోసారి మీడియా బాగా చేస్తానన్నారు."

పొడుగమ్మాయి పక్కకి తిరిగింది. ప్రొఫెసరు గారు రిజిస్టరు మూసి నెమ్మదిగా ఇవతలికి జరిపారు. క్షమించమని అనలేదు. పని మొత్తం ఇసుక బూజుతో మొదటినించీ చేద్దామన్నారు, అంతే.

మొదటినించీ అంటే మాటలా. చేతులు అలవాటయ్యాయి కాబట్టి ఈసారి జన్యువు తీయటానికి ఏడు నెలలే పట్టింది. అసలు నమూనాల బాధ్యత బూజక్క ఎవరి చేతిలోనూ పెట్టలేదు. ఇసుక గొట్టంలోంచి తీసినదాన్ని ఒకే ఒక్కసారి పెంచి, అరవై చిన్న గొట్టాల్లో గడ్డకట్టించి, రెండు వేర్వేరు ఫ్రీజర్లలో సర్దింది. ఒకటి వాడితే పారేయటమే, తిరగ పెంచి మళ్ళీ పెట్టడం లేదు. ప్రతి పరీక్షలోనూ తల్లి బూజూ, జన్యువు తీసిన బూజూ, తిరిగి పెట్టిన బూజూ ఒకే రోజు పుట్టినవి ఉండాలంది. ఎవరూ కాదనలేదు.

తేలిందేమిటంటే, పదిహేడో జన్యువు లేని బూజు నెమ్మదిగా పెరుగుతుంది, కానీ మొక్కని చంపి తీరుతుంది. మూడు వారాల్లో చంపేది ఐదు వారాలు తీసుకుంటుంది. జన్యువు తిరిగి పెడితే మళ్ళీ మూడు వారాలే. అది దాడి చేసే జన్యువు కాదు, ఎదిగే జన్యువు. వేరు లోపలికి దూరాక బూజు జోరుగా పెరగాలి కాబట్టి అప్పుడు లేస్తోంది. లేచింది కదా అని దొంగతనం దాని నెత్తిన వేశారు. ఇది చిన్న సంగతి. పెద్ద పత్రికలు రెండు వెనక్కి పంపాయి, ఒక మధ్యరకం పత్రిక వేసుకుంది. పొడుగమ్మాయికి ఏడో ఏట పట్టా చేతికొచ్చింది.

వ్యాసంలో ఐదుగురి పేర్లున్నాయి. మూడోది బూజక్కది. అందుకోసం పొడుగమ్మాయి ప్రొఫెసరు గారితో వారం రోజులు పోట్లాడిందని బాబాయి చెప్పాడు. మొగుడు ఆ కాగితం తెచ్చి హాల్లో కూర్చుని తప్పుల్లేకుండా పేరు చదివాడు, తర్వాత లోపల నీ సంగతి ఎక్కడ రాశారో చూపించమన్నాడు. బూజక్క వేలు పెట్టి చూపించింది. పరీక్షా పద్ధతుల కింద, సన్న అక్షరాల్లో, ఒకే వాక్యం. ప్రయోగశాలలో తరచూ తిరగ పెంచటం వల్ల మునుపటి నమూనా తెగులు పుట్టించే శక్తిని కోల్పోయినట్టు గమనించి దాన్ని వాడలేదని. ఎవరు గమనించారో, ఎన్నేళ్ళు గమనించారో లేదు. "ఇంతేనా?" అన్నాడాయన. ఇంతే అంది.

ఈ గొడవ తర్వాత నమూనాల భద్రతకి ప్రత్యేకంగా ఒక ఉద్యోగం మంజూరైంది. ప్రొఫెసరు గారే పట్టుబట్టి తెప్పించారు. బూజక్క దరఖాస్తు పెట్టింది. పొడుగమ్మాయి దగ్గర కూర్చుని మూడు పేజీలు రాసింది, ఇరవై రెండేళ్ళూ కూర్చి. జవాబు రెండు వారాల్లో వచ్చింది. కనీస అర్హత డిగ్రీ. ఆయన ఆ కాగితం తనే తెచ్చి ఇచ్చారు, నిబంధనలు తన చేతిలో లేవన్నారు. ఈసారి ఆయన గొంతులో నిజంగానే ఇబ్బంది ఉంది. అది బూజక్కకి అక్కరకు రాలేదు.

ఇంటికి వచ్చి గిన్నెలు తోమింది. అత్తగారు వచ్చి పక్కన నిలబడి, ఒక్కో గిన్నే అందుకుని తుడిచి పెట్టింది. ఆ రోజు ఏ జోకూ వేయలేదు.

ఆ ఉద్యోగానికి ఎంపికైన ఆవిడ ఒక సోమవారం పొద్దున్నే చేరింది. మెడలో కొత్త కార్డు, చేతిలో నోటు పుస్తకం, మర్యాద తెలిసిన మనిషి. ప్రొఫెసరు గారు తీసుకొచ్చి పరిచయం చేసి, అన్నీ దగ్గరుండి నేర్పమని బూజక్కకి చెప్పి వెళ్ళారు. ఆటోక్లేవ్ అప్పుడే ఈల వేసి ఆగింది. బూజక్క చేతులు తుడుచుకుంది. ఫ్రీజర్ల తాళంచెవులు రెండూ తీసి ఆవిడ చేతిలో పెట్టబోయి, ఒక్క క్షణం ఆగి, ఒకటే పెట్టింది.

"రెండోది ప్రస్తుతానికి నా దగ్గర ఉంటుంది మేడమ్" అంది. "రండి, ముందు దుంపలు వడకట్టటం చూద్దురు గాని."